పోలి స్వర్గం తర్వాతి ఆదివారం

మొన్న మాగాయ కోసం మా ఆవిడ మెంతులు వేయిస్తుండగా నేను వీధి గదిలో పత్రిక చదువుకుంటున్నాను. మెంతులు రంగు తిరిగి చిటపటలాడడం మొదలుపెట్టి, చేదుకూ కమ్మదనానికీ మధ్యన ఉండే ఆ వాసన ఇల్లంతా పరచుకునేసరికి ఇక అక్షరాలు కంటికి ఆనలేదు. మెంతులు వేగుతుంటే ఎవరికైనా ఊరగాయ గుర్తుకు వస్తుంది. నాకు మాత్రం మార్గశిర మాసపు మంచూ, చెరువు గట్టూ, సైకిల్ హ్యాండిల్‌కు వేలాడే తడిగుడ్డ మూటా గుర్తుకు వస్తాయి. మా చిన్నతనంలో మా ఇంట్లో మెంతులు పెద్ద మొత్తంలో ఏడాదికి రెండుసార్లు వేగేవి. వేసవిలో మాగాయకు ఒకసారి, కార్తీకం వెళ్లగానే చేపల ఎరకు మరొకసారి. మొదటిసారి అమ్మ వేయించేది, రెండోసారి ఆ బాండీ నాన్నగారి చేతికి వెళ్లేది. ఆ రోజు అమ్మ పొయ్యి దగ్గరకు వచ్చేది కాదు.

నాన్నగారు వాల్తేరు డీజిల్ షెడ్డులో ఫిట్టరు. దొండపర్తి రైల్వే క్వార్టర్లలో మాకు రెండు గదుల ఇల్లు ఉండేది. వాల్తేరు డివిజను అప్పట్లో కలకత్తా కేంద్రంగా ఉన్న ఆగ్నేయ రైల్వేలో భాగం కావడం వల్ల ఖరగ్‌పూర్ నుంచీ, హౌరా నుంచీ బదిలీ మీద వచ్చిన బెంగాలీ కుటుంబాలు మా క్వార్టర్లలో చాలానే ఉండేవి. మా పక్కింట్లో ఉండే పెద్దాయనను షెడ్డంతా దాదా అనే పిలిచేది కాబట్టి మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఆయన భార్యను మేము మాసీమా అనేవాళ్లం, అమ్మ మాత్రం వదినగారు అనేది. నాన్నగారికి గాలం పట్టుకోవడం నేర్పినది దాదాయే. అంతకుముందు నాన్నగారు చేపను కూరగా తప్ప ఎరగరు.

బెంగాల్‌లో చెరువు దగ్గర డబ్బు కట్టి, సీటు తీసుకుని, రోజంతా కూర్చొని గాలంతో చేపలు పట్టడం పాత అలవాటు. ఆ అలవాటును దాదా, ఆయన స్నేహితులు ఇక్కడికి వెంట తెచ్చుకున్నారు. పెందుర్తి దారిలో, రోడ్డు దిగి లోపలికి వెళితే ఒక ఊరి చెరువు ఉండేది. ఊళ్లో అందరూ దానిని పెద్ద చెరువు అనేవారు. పంచాయతీ వేలంలో ఆ చెరువు పాడుకున్న ఆసామి ఏటా వలలు దించే ముందు ఒక ఆదివారం మాకు ఇచ్చేవాడు. సీటుకు ఇంత అని డబ్బు తీసుకునేవాడు. మనిషికి రెండు గాలాలు, పొద్దున్న ఏడు గంటల నుంచి సాయంత్రం నాలుగు గంటల వరకు సమయం, మొత్తం బరువు ఎవరిది ఎక్కువైతే వారికి మొదటి బహుమతి. కార్తీకంలో తెలుగు ఇళ్లలో నీచు వండరు కాబట్టి, పోలిని స్వర్గానికి పంపిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం ఆ పోటీకి ఖాయమైపోయింది. మార్గశిరంలో గురువారాలు కనకమహాలక్ష్మి అమ్మవారివి కనుక ఆదివారానికి అమ్మ దగ్గర నుంచి ఏ అభ్యంతరమూ ఉండేది కాదు.

* * *

పోటీ ఒక్క రోజే అయినా మా ఇంట్లో దాని పని నెల ముందు నుంచే మొదలయ్యేది. షెడ్డు నుంచి వచ్చి, చేతులకు పట్టిన నూనె రంపపు పొట్టుతోనూ సబ్బుతోనూ వదిలించుకుని, టీ తాగి, నాన్నగారు అరుగు మీద ఒక రేకు పెట్టె తెరిచేవారు. ఆ పెట్టెలోని ప్రతి వస్తువుకూ ఒక కథ ఉండేది. గూడ్సు వ్యాగన్ల తలుపులకు అప్పట్లో సీసపు సీళ్లు వేసేవారు. సరుకు దించేటప్పుడు తెంచిన సీళ్లు యార్డులో పట్టాల పక్కన పడి ఉండేవి. వాటిని నేను ఏరి తెస్తే, నాన్నగారు పాత గరిటెలో కరిగించి, తడి మట్టిలో పుల్లతో గుచ్చిన గుంటల్లో పోసేవారు. చల్లారిన తర్వాత బియ్యపు గింజంత నుంచి శనగ గింజంత వరకు, గాలానికి బరువుగా కట్టే గుళ్లు వరుసగా బయటికి వచ్చేవి. కొన్నిటి మీద ఏదో ఒక స్టేషను పేరులోని అక్షరం ముక్క కరగకుండా మిగిలిపోయి కనిపించేది. అటువంటి గుండు దొరికితే నాన్నగారు దానిని నాకు ఇచ్చేసేవారు.

నీటి మీద తేలుతూ చేప తాకిడి చెప్పే బెండును నెమలి ఈక కాడతో చేసేవారు. ఈకలోని పోచలన్నీ గీకేసి, కాడను జానెడు పొడవున కోసి, రెండు కొసలనూ లక్కతో మూసి, పై కొసకు ఎర్ర ఎనామిల్ రంగు అద్దేవారు. ఆ ఎర్రటి కొస నీటి మీద ఎంత బయటికి కనిపించాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. వేలెడు కనిపిస్తే చేప తాకిన సంగతి మనకు తెలియదు. గోరు వెడల్పు మాత్రమే కనిపించేలా గుళ్లు తగిలించాలి. ఆ తూకం కోసం నాన్నగారు నీళ్లు నింపిన బకెట్టు ముందు గంటల తరబడి గొంతుకు కూర్చొని, ఒక గుండు తగిలించి, ఒక గుండు తీసి, చివరికి సీసాన్ని చాకుతో కొద్దికొద్దిగా చెక్కి సరిచేసేవారు. షెడ్డులో ఇంజను పనిలో ఆయనకు ఎంత మంచి పేరు ఉండేదో నేను పెద్దయిన తర్వాత ఆయన తోటివాళ్ల నోట విన్నాను. ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం ఆ బకెట్టు ముందే చూశాను.

గాలపు దారాన్ని, అంటే నైలాను తంగూసును, పోటీ ముందు రోజు రాత్రి నానబెట్టేవారు. ఎండిన తంగూసుకు చుట్ట తిరిగే గుణం ఉంటుంది, నానితే మెత్తబడి నిటారుగా పడుతుంది. ముడి వేసే ముందు దానిని నోట్లో పెట్టి తడిపేవారు. పొడి మీద ముడి బిగిస్తే రాపిడికి వేడెక్కి అక్కడే బలం పోతుందని దాదా చెప్పిన మాట. నాన్నగారు పోయేంత వరకు, మంచానికి దోమతెర కట్టినా సరే, నైలాను తాడును ముందు తడి చేసుకునేవారు.

ఎర సంగతి వేరు. నీళ్లలో ముందుగా చల్లి చేపలను ఒకచోటికి చేర్చే మేతను దాదా చార్ అనేవాడు. ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చి చార్‌కు కావలసిన సామాను ఉందా అని అడిగితే అమ్మ చారు కాచడానికే అనుకొని చింతపండు తీసి ఇచ్చిందట. వేరుశనగ చెక్కను రెండు రోజులు నానబెట్టి, తవుడు కలిపి, అనకాపల్లి బెల్లం కోరి, వేయించిన మెంతుల పొడి వేసి పిసికితే ఆ ముద్ద వాసన వీధి చివరి దాకా వెళ్లేది. గాలానికి గుచ్చే ఎర మరింత శ్రద్ధతో తయారయ్యేది. గోధుమ పిండి ముద్దలో ఎర్రచీమల గుడ్లు కలపాలి. మామిడి చెట్ల మీద ఆకులను కుట్టుకొని గూడు కట్టే ఎర్రచీమలవే అవి. ఆ గూడును దింపే పని నాది. గోనె సంచి చేతికి చుట్టుకొని, గూటిని ఒక్క వేటుతో కొమ్మ నుంచి తుంచి నీళ్ల బకెట్టులో ముంచాలి. ఎంత జాగ్రత్తగా చేసినా మెడ మీదా చెవుల వెనుకా చీమలు కుట్టకుండా దిగిన రోజు లేదు. అమ్మ పసుపు రాస్తూ నాన్నగారిని కోప్పడేది. ఆయన తల దించుకొని తవుడు జల్లించేవారు.

* * *

చేపలను నోటిని బట్టి గుర్తుపట్టాలని దాదా నాకు నేర్పాడు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, కింది దవడ ముందుకు పొడుచుకు వస్తుంది, అందువల్ల అది నీటి పైభాగంలో తేలే సన్నటి జీవులను తింటూ తిరుగుతుంది. శీలావతి నోరు కొంచెం కిందికి ఉంటుంది, పెదవి అంచు కుచ్చులు పెట్టినట్లు ఉంటుంది, నీటి మధ్య భాగం దానిది. ఎర్రమోసు అడుగున ఉంటుంది, బురదలో మేస్తుంది. బంగారు తీగ కూడా అడుగుదే, కానీ దానికి మూతి దగ్గర మీసాలు ఉంటాయి, బురదను తవ్వుకుంటూ పోతుంది కనుక ఎక్కడ ఉందో బుడగలు చెప్పేస్తాయి. వీటిలో దేనికీ దవడల మీద పళ్లు లేవు, గొంతులో ఉంటాయి. అందుచేత ఇవి ఎరను కొరకవు, పీల్చి చూసి, నచ్చకపోతే ఊదేస్తాయి. ఆ పీల్చడానికీ ఊదడానికీ మధ్య ఉన్న రెప్పపాటులోనే గాలం లాగాలి. తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా అంతా అక్కడే ఉండేది.

బెండు కదలికను బట్టి కింద ఏ చేప ఉందో చెప్పవచ్చునంటే అప్పట్లో నేను నమ్మలేదు. తర్వాత నా కళ్లతో చూశాను. శీలావతి అయితే బెండును కొద్దిగా పక్కకు నడిపించి ముంచుతుంది. ఎర్రమోసు అడుగున ఉన్న ఎరను నోట కరచుకొని తల ఎత్తేసరికి గుండు బరువు తీరి, బెండు మునగడానికి బదులు పైకి లేచి నీటి మీద పడుకుంటుంది. బొచ్చె తాకితే బెండు మునగదు, లేవదు. దాని చుట్టూ నీరు మాత్రం సన్నగా వణుకుతుంది, అంతే.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చెరువు నీటిలో గుడ్లు పెట్టి పెరిగే చేపలు కావు. వానాకాలంలో పారే నది నీటిలోనే ఈనుతాయి. కాబట్టి ఒకప్పుడు చెరువుల్లో వేసే పిల్లలను నదుల్లో పట్టి తేవలసి వచ్చేది, ఆ పిల్లల్లో పనికిరాని చేపల పిల్లలు కూడా కలిసి వచ్చేవి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, వేరే చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని తల్లిచేపకు సూదితో ఎక్కించి, నిలువ నీటిలోనే గుడ్లు పెట్టించగలిగారు. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. దాదా ఆ పేరును చేతులు జోడించి చెప్పేవాడు. ఊరి చెరువులో కూర్చొని మనం శీలావతిని పడుతున్నామంటే ఆయన చలవేనని ప్రతి ఏడూ గట్టు మీద కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పకుండా ఉండేవాడు కాదు. బంగారు తీగ మాత్రం పరదేశం నుంచి వచ్చిన చేప. బ్యాంకాక్ రకం మన దేశానికి వచ్చినది కూడా 1957లోనే. దానికి నదితో పని లేదు. చెరువులోని నాచుకూ గడ్డికీ గుడ్లు అంటించి తనంతట తానే పెరుగుతుంది.

ఇవన్నీ నేను చదువుకున్న పాఠాల్లో లేవు. రాత్రి భోజనాలు అయిన తర్వాత రెండు క్వార్టర్ల మధ్య ఉన్న పిట్టగోడకు అటు ఆయన, ఇటు నాన్నగారు ఆనుకొని మాట్లాడుకుంటుంటే విన్నవి. దూరంగా యార్డులో బైలదిల్లా ఇనుప ఖనిజపు రైళ్లు షంటింగు అవుతున్న చప్పుడు ఒక వ్యాగను నుంచి మరో వ్యాగనుకు పాకుతూ పోయేది. ఆ చప్పుడు పూర్తయ్యేంత వరకు ఇద్దరూ మాట ఆపి, తర్వాత ఆపిన చోటు నుంచే అందుకునేవారు.

* * *

నేను చెప్పదలచుకున్న ఆదివారం నాడు మేము మూడున్నరకే లేచాము. నాన్నగారి సైకిల్ వెనుక నేను, దాదా సైకిల్ వెనుక మేత బకెట్టు. కంచరపాలెం దాటేసరికి టీ కొట్లు అప్పుడే పొయ్యి రాజేస్తున్నాయి. ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు దగ్గర ఇప్పటి వంతెనలేవీ లేవు, పాల క్యాన్ల సైకిళ్లు తప్ప మరో మనిషి కనిపించలేదు. గోపాలపట్నం దాటిన తర్వాత ఎడమ పక్కన పొలాల మీద మంచు దట్టంగా పట్టి ఉంది, కుడి పక్కన సింహాచలం కొండ నల్లగా, చాలా దగ్గరగా ఉన్నట్లు కనిపించింది. డైనమో లైటు వెలుతురు మంచులో పది గజాల కంటే ముందుకు వెళ్లలేదు.

చెరువు రేవులో పోలి పాడ్యమి నాటి అరటి దొప్పలు ఇంకా తేలుతున్నాయి. కొన్నిటిలో ఒత్తి కాలిన మసి అంటుకొని ఉంది. మూడు రోజుల క్రితం ఆడవాళ్లు దీపాలు వదిలిన నీళ్లలోనే మేము ఆ ఉదయం కాళ్లు కడుక్కున్నాము.

గట్టు చుట్టూ వెదురు పుల్లలు పాతి, వాటికి అంకెలు రాసిన రేకు ముక్కలు కట్టారు. ఆ ఏడు ఇరవై రెండు సీట్లు. కంచు చెంబులో చీటీలు వేసి, పోటీదారుల వెంట వచ్చిన పిల్లల చేత తీయించేవారు, పెద్దలు తీస్తే అనుమానాలు వస్తాయని. నేను తీసిన చీటీలో పద్నాలుగు వచ్చింది. అది మదుముకు, అంటే చెరువు తూముకు, దగ్గరి సీటు. ఎండాకాలంలో చెరువు ఇంకినా మదుము ముందు గుంటలో నీరు నిలుస్తుంది కాబట్టి, వలలకు దొరకకుండా తప్పించుకున్న ముదురు చేపలు అక్కడే ఉంటాయని అందరూ అనేవారు. దాదాకు పదిహేను వచ్చింది. ఇద్దరికీ మధ్య ఎనిమిది గజాల దూరం.

ఏడింటికి ఈల వేశారు. ఆ తర్వాత గట్టు మీద వినిపించిన నిశ్శబ్దం వంటిది నేను మళ్లీ ఎక్కడా వినలేదు. ఇరవై రెండు మంది మగవాళ్లు, వాళ్లలో షెడ్డులో గొంతు చించుకొని అరిచేవాళ్లు, యూనియను మీటింగుల్లో బల్లలు గుద్దేవాళ్లు, అందరూ గుసగుసలతో మాట్లాడుకున్నారు. దగ్గు వచ్చినవాడు లేచి గట్టు వెనక్కి దిగి దగ్గి వచ్చాడు. నేను నీటి అంచుకు వెళ్లి తొంగి చూస్తుంటే చెరువు కావలి తాత వెనుక నుంచి నా చొక్కా పట్టుకొని లాగాడు.

"ఏటి బాబూ, నీ నీడ నీటి మీద పడతంది. సేప సూసీదంటే మరిటు రాదు. ఎనక్కి రా."

ఆ తాతే మధ్యాహ్నం తన ముంతలోని చోడి అంబలి నాకు పోసి ఇచ్చాడు. అమ్మ కట్టిచ్చిన పులిహోర ఉన్నప్పటికీ, ఉల్లిపాయ నంజుకుంటూ తాగిన ఆ అంబలి రుచే నాకు జ్ఞాపకం ఉంది.

ఎండ ఎక్కే లోపల దాదా గాలం చకచకా పలికింది. ఆయన సీటు ముందు మేత బాగా కుదిరింది. పదకొండు గంటలకు ఆయన వల సంచిలో మూడు చేపలు, ఒంటి గంటకు ఐదు. నాన్నగారికి అప్పటికి రెండు శీలావతులు, ఒక చిన్న ఎర్రమోసు. మొదటి బహుమతి స్టీలు బిందె గట్టు మీద చింతచెట్టు కింద బల్ల మీద పెట్టి ఉంది, ఎండ పడినప్పుడల్లా దాని మెరుపు మా కళ్లలో కొట్టేది. అది దాదాకే వస్తుందని నాకు అర్థమైపోయింది. పన్నెండేళ్లవాడిని, నాకు ఏడుపు వచ్చినంత పని అయింది. నాన్నగారు మాత్రం ఉదయం ఎలా కూర్చున్నారో అలాగే కూర్చొని ఉన్నారు. మధ్యాహ్నం తర్వాత ఒక్క పని చేశారు. రెండో గాలాన్ని తీసి, బెండును కిందికి జరిపి, ఎర అడుగుకు చేరకుండా మూరెడు లోతునే వేలాడేలా చేసి, మదుము రాతి పక్కకు విసిరారు.

* * *

నాలుగు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. గాలి పడిపోయింది. మదుము రాతి నీడ నీటి మీదకు సాగి బెండును తాకింది. ఎర్రటి కొస చుట్టూ నీటి మీద సన్నటి వణుకు ఒకటి వచ్చి ఆగిపోయింది, మళ్లీ వచ్చింది. నాన్నగారి బొటనవేలు రీలు మీదకు వెళ్లడం చూశాను. ఆయన మణికట్టు కదలడం మాత్రం నాకు కనిపించలేదు. కర్ర వంగిపోయి, రీలు గీపెడుతూ తిరగడం మొదలైంది.

చేప మొదట చెరువు నడిమికి పోయింది. అక్కడి నుంచి తిరిగి, దాదా సీటు వైపు, నేరుగా ఆయన రెండు బెండ్ల మధ్యకు వచ్చింది. ఆ తంగూసు ఈ తంగూసుకు చుట్టుకుంటే రెండూ తెగిపోతాయి. నాన్నగారు ఏదో అనబోయే లోపలే దాదా తన రెండు గాలాలనూ చుట్టి తీసేసి, కర్రలను వెనుక గడ్డి మీద పడుకోబెట్టి, చేతి వల తీసుకొని మా సీటు వైపు మోకాలి లోతు నీళ్లలోకి దిగి నిలబడ్డాడు. అవతలి పక్క పదమూడో సీటు ఆయన కూడా తన గాలాలు తీసేశాడు. ఎవరూ ఎవరినీ అడగలేదు. పెద్ద చేప పరుగు పెడుతుంటే పక్క సీటువాళ్లు గాలాలు ఎత్తడం గట్టు మర్యాద. అది కాగితం మీద రాసిన నియమం కాదు.

అప్పుడు నేను దాదా సీటు ముందున్న నీళ్ల వైపు చూశాను. పొద్దుటి నుంచి ఆయన చల్లిన మేత మీదకు చేపలు సాయంత్రపు మేతకు దిగాయి. బుడగలు గుత్తులు గుత్తులుగా, చిన్నవీ పెద్దవీ, ఒకచోట లేచి పగిలి, పక్కన మళ్లీ లేచి పగులుతున్నాయి. అక్కడ ఒక్క గాలం కూడా లేదు. దాదా వాటికి వీపు పెట్టి నిలబడి, నాన్నగారి తంగూసు నీటిలోకి దిగుతున్న చోటును తప్ప మరి దేనినీ చూడలేదు. "తొందర లేదు, దానిని తిరగనీ, దానిని తిరగనీ" అని మాత్రం బెంగాలీలో ఒకసారి, తెలుగులో ఒకసారి అంటూ ఉన్నాడు.

నాలుగింటికి ఈల వేశారు. ఈలకు ముందే గాలానికి పడిన చేపకు పావుగంట గడువు ఉండేది. ఆ పావుగంటలో మరి తొమ్మిది నిమిషాలు గడిచాక బొచ్చె పక్కకు ఒరిగి తెల్లటి పొట్ట చూపించింది. దాదా వలను దాని తల కిందికి పోనిచ్చి ఎత్తాడు. దాని పొలుసు ఒక్కొక్కటి మా అమ్మ గాజు పడేంత పెద్దదని ఆ రోజు అనిపించింది. వెడల్పయిన ఆ తల వైపు చూస్తూ దాదా బెంగాలీలో కాత్లా అని ఒక్క మాట అని, ఆ చేతితోనే నాన్నగారి భుజం మీద గట్టిగా చరిచాడు. ఆ తడి చేతి గుర్తు నాన్నగారి ఖాకీ చొక్కా మీద ఇంటికి వచ్చేవరకు ఉంది.

చింతచెట్టు కొమ్మకు వేలాడదీసిన స్ప్రింగు త్రాసులో బొచ్చె ఏడు కిలోల రెండు వందల గ్రాములు తూగింది. నాన్నగారి మొత్తం పది కిలోల ఎనిమిది వందలు. దాదా మొత్తం పది కిలోల మూడు వందలు. తేడా అర కిలో. ఆ చివరి ఇరవై నిమిషాల్లో ఆ బుడగల మధ్య ఒక్క ఎర్రమోసు పడినా బిందె పక్కింటికి వెళ్లేది. ఈ లెక్క నాకు ఆ రోజే తెలిసిపోయింది. నాన్నగారికీ తెలుసు. అంత పెద్ద బిందెను ఆయన అందరి ముందూ చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఆయన ముఖంలో నేను అనుకున్న సంతోషం కనిపించలేదు. దాదాకు రెండో బహుమతిగా మూడు గిన్నెల క్యారియరు ఇచ్చారు. ఆయన దాని మూత తీసి లోపలికి చూసి, అందులో నుంచి నాకు కనిపించేలా ముఖం పెట్టి నవ్వాడు.

* * *

ఆ రాత్రి మా పెరట్లో కత్తిపీట ముందు మాసీమా కూర్చొంది. అంత చేపను కోయడం అమ్మ వల్ల కాలేదు. తొమ్మిది ఇళ్లకు తొమ్మిది వాటాలు వేశారు. తలను చీల్చబోతుంటే నాన్నగారు లోపలి నుంచి వచ్చి, "వదినగారూ, తల ముట్టుకోకండి, అది అలాగే మీ ఇంటికి వెళ్లాలి" అన్నారు. బెంగాలీలకు బొచ్చె తల అంటే ఎంత ఇష్టమో మాకు తెలుసు. మరునాడు మధ్యాహ్నం మాసీమా పెసరపప్పును వేయించి, అందులో ఆ తలను వండి, కొత్త క్యారియరు అడుగు గిన్నెలో మా ఇంటికి పంపింది. పై రెండు గిన్నెల్లో అన్నమూ, టమాటా పచ్చడీ ఉన్నాయి. చేప తలను పప్పులో వేస్తారని మా అమ్మ అప్పుడే మొదటిసారి చూసింది. తర్వాతి ఏళ్లలో ఆమె కూడా చేయడం నేర్చుకుంది, కొంచెం ఇంగువ ఎక్కువగా వేసి.

ఆ తర్వాత కూడా పోటీలు జరిగాయి. నాన్నగారు మళ్లీ ఎప్పుడూ మొదటి బహుమతి గెలుచుకోలేదు, దాదా రెండుసార్లు గెలుచుకున్నాడు. ఒకసారి మమ్మల్ని కొండకర్ల ఆవకు కూడా తీసుకువెళ్లారు. రెండు తాటి దోనెలను జతగా కట్టిన పడవ మీద తామరల మధ్య కూర్చొని నాన్నగారు గాలం వేయనే లేదు, రోజంతా పక్షులను చూస్తూ ఉండిపోయారు. చెరువు వేలం పాట పెరిగిన తర్వాత ఆసామి సీట్లు ఇవ్వడం మానేశాడు. దాదా రిటైరయ్యి ఖరగ్‌పూర్ వెళ్లిపోయాడు. వెళ్లే రోజు రెండు గాలపు కర్రలనూ గోనెలో చుట్టి బ్రేకు వ్యానులో వేయించాడు, మేత బకెట్టు మాకు వదిలేశాడు.

నేను కిందటి నెలలో పెందుర్తి వైపు ఏదో పెళ్లికి వెళ్లి, తిరిగి వస్తూ ఆ దారి లోపలికి తిరిగాను. మట్టి గట్టు మీద సిమెంటు రోడ్డు వేశారు. చెరువులో సగానికి పైగా గుర్రపు డెక్క కమ్ముకుంది, మిగిలిన మూలలో మెరక చేసి ప్లాట్ల రాళ్లు పాతారు. చింతచెట్టు 2014 హుద్‌హుద్ తుఫానులో వేళ్లతో సహా పడిపోయిందని అక్కడి కిరాణా కొట్టు అతను చెప్పాడు. మదుము రాయి మాత్రం ఉంది. దాని పక్కన మూరెడు మేర నీరు ఖాళీగా కనిపిస్తే చాలాసేపు నిలబడి చూశాను. బుడగలు ఏవీ లేవలేదు.

దాదా వాళ్లు వెళ్లిపోయిన తర్వాత కూడా చాలా ఏళ్లు మా అమ్మ పూర్ణా మార్కెట్టులో బొచ్చె కొన్నప్పుడల్లా, చేపలమ్మే ఆమె కత్తి ఎత్తగానే, "తల చీల్చకు, విడిగా కట్టి ఇవ్వు" అనేది. ఇంటికి వచ్చి మూట విప్పి, తలను వేరే గిన్నెలో పెట్టి మూత వేసి, పిట్టగోడ వైపు రెండడుగులు వేసేది. ఆ గోడకు అవతల అప్పటికి వేరే కుటుంబం ఉండేది, వాళ్లు శాకాహారులు. అమ్మ గిన్నె పట్టుకొని కాసేపు అక్కడే నిలబడి వెనక్కి వచ్చేది. నాన్నగారు అరుగు మీద నుంచి అది చూసి, ఏమీ అనకుండా లేచి, పొయ్యి మీద పెసరపప్పు వేయించడానికి బాండీ పెట్టేవారు.